మాఫీ అంటే లేదని

“లేదు అనే మాట అంత కష్టమైన మాటనా మే? నోరు తిరగలేదా నీకు?”

శ్రీనివాసులు ఈ మాట అడగడం ఎన్నోసారో అతనికే తెలియదు. పొద్దుటి నుంచీ సబ్హాన్‌లో ఉన్న కంపెనీ గోదాములో పెట్టెలు ఎత్తి దించి వచ్చినవాడు, బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూలబడి అదే పాట పాడుతున్నాడు. వెంకటేశ్వరి మొగుడి వైపు చూడలేదు. ఫోను చెవికి ఆనించుకుని, ఊళ్ళో ఉన్న మరదలు రమణి ఎత్తుతుందేమోనని వింటూ గోడకు ఒరిగి కూర్చుంది.

రమణి ఎత్తలేదు. ఆ క్లిప్పు బయటికి వచ్చిన దగ్గర్నుంచీ ఎత్తడం లేదు.

“నేను అడిగేది నిన్నే.”

“ఇనపడ్తాంది.”

“ఇనపడితే చెప్పు. ఇన్నేండ్లు కువైట్లో ఉంటే మాత్రం సొంత మాట మర్చిపోతారా ఎవురైనా?”

వెంకటేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. ఈ అడిగే మహానుభావుడే పోయిన గురువారం రొట్టెలు తెచ్చావా అంటే “మాఫీ” అని ఒక్క మాట పారేసి మంచమెక్కాడు. ఆ సంగతి ఎత్తితే ఇంకో గంట రభస. మామా అని పిలిచే అరబ్బు యజమానురాలి ఇంట్లో వారమంతా గొడ్డుచాకిరీ చేసి, గురువారం సాయంత్రం నుంచి శుక్రవారం సాయంత్రం దాకా దొరికే సెలవు ఇది. ఆ కాస్తా ఖైతాన్‌లోని ఈ గదిలో మొగుడితో తగువుకే సరిపోతోంది. ఆమె పళ్ళు బిగబట్టి మళ్ళీ రమణి నంబరు నొక్కింది.

అసలు జరిగింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. వెంకటేశ్వరి తమ్ముడు మునీంద్రను టమాటా తోటలో నీళ్ళు కడుతుండగా పాము కరిచింది. భార్య రమణి ఆటోలో వేసుకుని దగ్గర్లో ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయింది. పాముకాటు సూది అయిపోయింది, కడపకు తీసుకుపొమ్మన్నారు అక్కడ. కడప దారిలోనే మునీంద్ర ప్రాణం పోయింది.

అంతకు కొద్దిరోజుల ముందే ఆరోగ్యశాఖ మంత్రి అసెంబ్లీలో లేచి నిలబడి, పాముకాటు సూది లేని ప్రభుత్వాసుపత్రి రాష్ట్రంలో ఒక్కటి చూపించండని సవాలు చేశాడు. టీవీలన్నీ దాన్నే తిప్పి తిప్పి వేశాయి. మునీంద్ర పోయాక, వెంకటేశ్వరి మామా ఇంటి వంటగదిలో నిలబడి, “ఇదో సార్, నేను చూపిస్తాండా” అని ఏడ్చుకుంటూ ఒక వీడియో తీసి పంపింది. అది ఊళ్ళకు ఊళ్ళు తిరిగింది. మంత్రిగారి పేషీకి చెమటలు పట్టాయి.

పేషీ నుంచి ఎవరో మెత్తటి గొంతుతో ఫోను చేశారు. చేసిన వేళ ఎలాంటిదనీ, ఆ రోజు మామా ఇంటినిండా చుట్టాలు. ఒక చెవిలో పేషీ, ఇంకో చెవిలో మామా. కొత్తిమీర ఉందా, నిమ్మకాయలు ఉన్నాయా అని మామా హాల్లోంచి కేకలు. “మాఫీ మామా, మాఫీ” అంటూ, వెంకటేశ్వరి అదే నోటితో పేషీకీ జవాబులు చెప్పింది. సూది ఉందా అమ్మా అంటే మాఫీ సార్ అంది. పెద్ద డాక్టరు ఉన్నాడా అంటే మాఫీ. అంబులెన్సో అంటే అదీ మాఫీ సార్.

కువైట్‌లో మాఫీ అంటే లేదని. అన్నం వండే దగ్గర, బస్సు ఎక్కే దగ్గర, సెలవు అడిగే దగ్గర, రోజుకు వందసార్లు విని వందసార్లు అనే మాట. వచ్చిన కొత్తలో అరబ్బీ ముక్కలు నేర్చుకునేవాళ్ళకు అదే మొదటి పాఠం. ఏళ్ళు గడిచేసరికి అది నాలుక మీద తిష్ఠ వేసుకుని కూర్చుంది, లేదు అన్న మాట పాపం పక్కకు తప్పుకుంది.

పేషీ మహానుభావులు ఆ ఫోను రికార్డులో ప్రశ్నలన్నీ కోసేసి జవాబులు మాత్రం అట్టే పెట్టుకున్నారు. “మాఫీ సార్... మాఫీ... అదీ మాఫీ సార్.” మంత్రి పత్రికలవాళ్ళను పిలిచి ఆ క్లిప్పు వినిపించి, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఆడబిడ్డే పెద్దమనసుతో మమ్మల్ని మాఫీ చేసింది, మధ్యలో ఈ ప్రతిపక్షాలకేం నొప్పి అన్నాడు. రుణమాఫీ, పన్నుమాఫీ విని పెరిగిన జనం మాఫీకి ఇంకో అర్థం వెతుక్కుంటారా? నమ్మేశారు.

రమణి కూడా నమ్మింది. ఆ రాత్రే వాయిస్ మెసేజీ పెట్టింది. “తాళి తెగింది నాది. మాఫీ చేసేదానికి నువ్వెవరు వదినా?” అంతే. ఆ తరువాత ఫోను ఎత్తలేదు, మెసేజీ చూడలేదు. పెంచి పెద్దచేసిన తమ్ముడు పోయిన దుఃఖం ఒక ఎత్తు, అతని పెళ్ళాం ఇలా మొహం చాటెయ్యడం ఇంకో ఎత్తు. వెంకటేశ్వరికి ఈ రెండోదే ఎక్కువ కోతగా ఉంది. రమణి నోట మళ్ళీ వదినా అన్న పిలుపు వింటే చాలు, మంత్రి ఎలా పోయినా ఫరవాలేదనుకుంటోంది.

తలుపు తోసుకుని బాబ్జాన్ వచ్చాడు. పక్క గదిలో భార్య అనీసాతో ఉంటాడు. వీళ్ళ ఊరి దగ్గరివాడే. టీ గ్లాసు వెంకటేశ్వరి ముందు పెట్టి, “ఎత్తలేదా అక్కా?” అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

మా ఉర్దూలో అయితే మాఫీ అంటే మాఫీనే, ఈ అరబ్బుల దగ్గరికి వచ్చాకే అది లేదైంది, ఈ ముక్క పేషీవాళ్ళకు ఎవరైనా చెప్పాలి గదా అన్నాడు బాబ్జాన్. ఇంగితం ఉన్నవాడు. కానీ చెప్పడం అయిపోయిందని అతనికి తెలియదు. ఆ మధ్యాహ్నమే వెంకటేశ్వరి ఆరోగ్యశాఖ సహాయకేంద్రానికి ఫోను చేసింది. పాట వినిపించారు, ఆగమన్నారు, మళ్ళీ పాట. చివరికి ఒక అమ్మాయి పలికి, మీ ఫిర్యాదు సంతృప్తికరంగా ముగిసిందండీ అంది. ముగియలేదు తల్లీ అంటే, ముగిసిందనే ఇక్కడ చూపిస్తోంది అంది. అయితే కొత్తగా రాసుకోమంటే, కొత్త ఫిర్యాదుకు బాధితుడే స్వయంగా లైన్లోకి రావాలట. బాధితుడు చనిపోయాడమ్మా అంటే, అయ్యో అలాగా, అయితే ఆయన అనుమతి కావాలండీ అంది. వెంకటేశ్వరి ఫోను పెట్టేసి నెత్తి కొట్టుకుంది.

రెండో వీడియో కూడా తీసింది. మాఫీ అంటే లేదని నాయనా, కువైట్లో ఉన్న ఎవరినైనా అడగండి అని బతిమాలింది. దాని కింద ఒకడు ప్రతిపక్షం ఎంత ఇచ్చిందని రాశాడు. ఇంకొకడు, మొదట మంత్రి ఎంత ఇచ్చాడో అది చెప్పమని రాశాడు. ఆ ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు బండబూతులు తిట్టుకున్నారు. వెంకటేశ్వరి మాట ఎవడికీ పట్టలేదు.

శ్రీనివాసులు గొంతు సవరించుకున్నాడు. ఇంతసేపూ కేకలు వేసినవాడు ఉన్నట్టుండి మెత్తబడ్డాడంటే ఏదో దాస్తున్నాడని ఆమెకు తెలుసు.

“రేపు మధ్యాహ్నం అనంతరామ్ సార్ ఇంట్లో భోజనం.”

“పోయి తినిరా.”

“ఇద్దర్నీ పిలిచినాడు.”

వెంకటేశ్వరి ఫోను ఒళ్ళో పెట్టుకుని మొగుడి వైపు తిరిగింది. అనంతరామ్ విజయవాడ వాడు, శ్రీనివాసులు పనిచేసే కంపెనీలో పెద్ద ఇంజనీరు, ఇక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుడు. శ్రీనివాసులు ఇఖామా, అదే ఇక్కడ ఉండే అనుమతి, ఏటా రెన్యువల్ కావాలంటే ఆయన మాట సాయం ఉండాలి. పండక్కి పులిహోర పొట్లాలు పంచే చోట తప్ప అలాంటివాళ్ళ ఇంటికి వీళ్ళను ఎవరు పిలుస్తారు?

“ఎవురొస్తాండారు ఆడికి?”

శ్రీనివాసులు నీళ్ళు నమిలాడు. బాబ్జాన్ గ్లాసు తీసుకుని చల్లగా బయటికి జారుకున్నాడు.

మంత్రి వస్తున్నాడట. దుబాయ్ పర్యటన ముగించుకుని కువైట్‌లో ఒక రోజు ఆగుతున్నాడట. మనల్ని మాఫీ చేసిన ఆ తల్లిని ఒకసారి చూడాలి, శాలువా కప్పాలి అని తనంతట తనే అన్నాడట. అనంతరామ్ సార్ అడిగితే శ్రీనివాసులు సరే అనేశాడు, పెళ్ళాన్ని ఒక్క మాట అడక్కుండా.

“సరే అన్యావా.”

“ఏమనేది మరి? ఇఖామా...”

“ఇఖామా సంగతి నాకు తెలుసు.”

పక్క గదిలో అనీసా కుక్కర్ విజిల్ వేసింది, ఆగింది, మళ్ళీ వేసింది. శ్రీనివాసులు ఇప్పుడు బూట్లు విప్పుకున్నాడు. విప్పి, వాటిని మంచం కిందికి నెట్టి, పెళ్ళాం ఏమంటుందో అని దొంగచూపులు చూశాడు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

“వస్తాలే,” అంది చివరికి.

“వచ్చి?”

“అన్నం తింటా.”

ఆ రాత్రి శ్రీనివాసులుకు కంటిమీద కునుకు లేదు.

మరునాడు సాల్మియాలో అనంతరామ్ ఇంటినిండా జనం. సంఘం పెద్దలు, వాళ్ళ భార్యలు, పట్టుచీరలు, ఫోన్లు. సోఫాలో కూర్చోబోయి వెంకటేశ్వరి ఆగిపోయింది. ఏళ్ళ తరబడి సోఫాలు తుడిచిందేగానీ, పరాయి ఇంట్లో కూర్చున్నది లేదు. తిన్నగా వంటగదిలోకి పోయి సింకులో ఉన్న గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

అనంతరామ్ భార్య సీతాలక్ష్మి చూసి గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆవిడ మిర్కాబ్‌లో ఒక క్లినిక్‌లో డాక్టరు. మనసున్న మనిషేగానీ భర్త మాటకు ఎదురు చెప్పే రకం కాదు. ఇవాళ మీరు అతిథి, ఇవి ముట్టుకోకండి అంది. చేతిలో చెయ్యి అలాగే ఉంచుకుని గొంతు తగ్గించింది.

“మీరు లేదు అన్న అర్థంలోనే అన్నారని వినగానే తెలిసిందమ్మా నాకు. ఇక్కడున్న ఎవరికైనా తెలుస్తుంది. మావారికీ తెలుసు.”

వెంకటేశ్వరి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“తెలిసీ అందరూ గమ్మునుండారా మేడమ్?”

సంఘానికి ఆ మంత్రితో పనులుంటాయి అని సీతాలక్ష్మి ఏదో మొదలుపెట్టింది. ఇక్కడ చచ్చిపోయినవాళ్ళ శవాలను విమానాశ్రయం నుంచి పల్లెల దాకా ఉచితంగా చేర్చే బళ్ళు కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారట. అది ఈసారి అవుతుందని ఆశట. మంచి పనే. కాదని ఎవరంటారు? శవాన్ని చేర్చడానికి బండి అడుగుతున్నారుగానీ, మనిషి శవం కాకుండా చూడమని అడిగేవాడు ఒక్కడూ లేడు ఆ ఇంట్లో. వెంకటేశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. సింకు దగ్గర చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని హాల్లోకి వచ్చింది.

మంత్రి చూడ్డానికి మంచివాడిలాగే ఉన్నాడు. తెల్లచొక్కా, నెరిసిన జుట్టు, ఇంటి పెద్దల్లుడి నవ్వు. లోపలికి రాగానే అందరికంటే ముందు వెంకటేశ్వరి ఎవరని అడిగాడు. అనంతరామ్ చూపిస్తే, ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు. వెనకాలే అతని పీఏ దుర్గారావు, చంకలో శాలువా పెట్టుకుని నిలబడ్డాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

శాలువా భుజాల మీద పడింది. కువైట్ వేడికి అది కుంపటిలా ఉంది. మంత్రి ఆమె పక్కకు వచ్చి, ఫోన్ల వైపు సగం తిరిగి, అందరికీ వినపడేలా అడిగాడు.

“మా మీద మనసులో ఏమీ లేదు కదమ్మా?”

ఇది వినగానే శ్రీనివాసులు ప్రాణం లేచి వచ్చింది. ఇంత సులువైన ప్రశ్న అడుగుతాడని అతను కలలో కూడా అనుకోలేదు. పెళ్ళాం మోచెయ్యి పొడిచి, “లేదు అను మే,” అని గొణిగాడు. వారమంతా ఆ ఒక్క మాట అనలేదనే కదా మొగుడూ మరదలూ ఊరూ వాడా ఆమెను దులిపేసింది. ఇప్పుడు అంటే సరిపోతుంది. శుద్ధమైన తెలుగు మాట.

వెంకటేశ్వరికి నవ్వొచ్చినంత పనైంది. అనాల్సిన రోజున నోటికి రాని మాట, అనకూడని రోజున అందరూ కలిసి నోట్లో కుక్కుతున్నారు.

“ఉండాది సార్,” అంది.

శ్రీనివాసులు మళ్ళీ పొడిచినా ఆమె ఆగలేదు.

“మనసులో శానా ఉండాది. సూది మాత్రమే లేదు. మాఫీ అంటే ఈడ లేదు అని సార్. నేను ఎవురినీ మాఫీ చేయలేదు.”

అనంతరామ్ ముందుకొచ్చి, ఆవిడ పాపం దుఃఖంలో ఉన్నారండీ, భోజనానికి లేద్దాం అన్నాడు. ఫోన్లు దించమని సైగలు చేశాడు. కొన్ని దిగాయి. మంత్రి మాత్రం కంగారు పడలేదు. ఇలాంటివి ఎన్ని చూశాడో. చేత్తోనే అనంతరామ్‌ను ఆపి, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆ రోజు ఆసుపత్రిలో సూది నిల్వ ఉన్నట్టే తమకు సమాచారం ఉందట. ఎక్కడో పొరపాటు జరిగి ఉంటే విచారణ చేయిస్తున్నారట. అయినా ఒక్క మాట అడుగుతాను ఏమీ అనుకోవద్దన్నాడు.

“ఆ రోజు మీరు అక్కడ ఉన్నారా అమ్మా?”

“లేను సార్. కువైట్లో ఉండా.”

“చూశారా.”

ఎవరో హమ్మయ్య అనుకున్నట్టు ఊపిరి వదిలారు. మంత్రి ఆమె భుజం మీద జారిన శాలువా సర్దాడు. ఇలాంటి వీడియోలు చూసి జనం ప్రభుత్వాసుపత్రిని నమ్మడం మానేస్తే, రేపు పాము కరిచినవాడు నాటువైద్యుడి దగ్గరికి పోతాడు, ఆ ప్రాణం ఎవరిమీద పడుతుంది, మీమీద కాదా అని అడిగాడు. నమ్మకం పోగొట్టడం సులువమ్మా, నిలబెట్టడమే కష్టం అన్నాడు. తలలు ఊగాయి. ఎంత బాగా చెప్పాడనుకున్నారు అందరూ.

వెంకటేశ్వరి శాలువా తీసి, మడత పెట్టి, సోఫా చేతిమీద పెట్టింది.

“నమ్మినందుకే చచ్చిపోయినాడు సార్ మా తమ్ముడు. పాము కరిస్తే మావోళ్ళు ఎప్పుడూ నేరుగా కడపకే పోతారు. దగ్గరాసుపత్రిలో ఏమీ ఉండదని తెలుసు. ఈసారి మీరు టీవీలో చెప్పినారు, అన్ని ఆసుపత్రుల్లో సూది ఉండాదని. మా మరదలు ఆ మాట నమ్మింది. నమ్మి దగ్గరాసుపత్రికి తీసకపోయింది. నమ్మకుంటే బతికేవాడు.”

మంత్రి మొహంలో నవ్వు అలాగే ఉంది. దుర్గారావు ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఇదంతా ఎవరో చెప్పి పంపిన మాటలు సార్ అన్నది పక్కనున్నవాళ్ళకు వినిపించింది.

“ఎవురూ చెప్పి పంపలేదు. చూసిన మనిషినే అడగండి,” అని వెంకటేశ్వరి ఫోను తీసి రమణికి చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. శ్రీనివాసులు తల దించుకున్నాడు. ఇంత జనంలో మరదలు ఫోను ఎత్తని ఆడమనిషి మాట ఎవరు నమ్ముతారు?

అప్పుడు సీతాలక్ష్మి కదిలింది. ఇంతసేపూ వంటగది గుమ్మంలో నిలబడిన మనిషి, భర్త కళ్ళెర్ర చేస్తున్నా చూడనట్టే వచ్చి, తన ఫోను వెంకటేశ్వరి చేతిలో పెట్టింది. తెలియని నంబరైతే ఎత్తుతుందేమో, దీంతో చెయ్యండి అంది.

రెండో మోతకే ఎత్తింది.

“ఎవురు?”

ఆ గొంతు వినగానే వెంకటేశ్వరికి కళ్ళు నిండిపోయాయి. కట్ చేయొద్దు రమణీ, నేను వదినని అంది. స్పీకరు నొక్కింది. ఇక్కడ చాలామంది ఉన్నారని, మంత్రి కూడా ఎదురుగానే ఉన్నాడని ముందే చెప్పింది. ఏదీ దాచి అడిగింది కాదు.

“ఆ పొద్దు ఆసుపత్రిలో సూది ఉండిందా? ఒక్క మాట చెప్పు.”

అవతల దూరంగా ఏదో బండి పోతున్న చప్పుడు, పాప ఏదో అడుగుతున్న చప్పుడు. రమణి పాపను అవతలికి పొమ్మంది.

“మొన్న అధికార్లు వచ్చినారు వదినా. సూది ఉండిందనే చెప్పినా వాళ్ళకు.”

“ఎందుకట్ల చెప్పినావు?” అంది వెంకటేశ్వరి.

“నువ్వే మాఫీ చేసినాక నేనొక్కదాన్ని ఎవురితో కొట్లాడేది? ఆ ఆసుపత్రిలోనే ఆయా పని ఇస్తామన్యారు. సోమవారం నుంచి రమ్మన్యారు. పాపను సదివించుకోవాల గదా.”

మంత్రి భారంగా నిట్టూర్చాడు. విన్నారు కదమ్మా అన్నాడు, గెలిచినవాడి గొంతులా లేకుండా జాగ్రత్తపడుతూ. అనంతరామ్ అందరినీ భోజనాల బల్ల వైపు నడవమన్నాడు. కొందరు నడిచారు కూడా. తన నోటి మాట ఒక్కటి ఎంత దూరం పోయి ఎక్కడ తగిలిందో వెంకటేశ్వరికి అప్పుడు తెలిసింది. ఆమెకు మంత్రి మీద కోపం కూడా రాలేదు ఆ క్షణాన. తన నాలుక తెగ్గోసుకోవాలనిపించింది.

“రమణీ, ఇను,” అంది. “ఈ కువైట్లో మాఫీ అంటే లేదు అని. అరబ్బీ మాట అది. సూది ఉందా అని వాళ్ళడిగితే మాఫీ అన్యా, లేదు అని. డాక్టర్ లేడు అని. వాళ్ళు అడిగింది కోసేసినారు. నేను ఎట్ల మాఫీ చేస్తా? వాణ్ణి ఎత్తుకుని పెంచినా నేను.”

“నిజమా వదినా?”

“వాని మీద ఒట్టు.”

భోజనాల వైపు నడిచినవాళ్ళు ఆగారు. స్పీకరులో రమణి ఏడుపు వినపడింది. చాలా రోజులుగా ఆపుకున్న ఏడుపు. మంత్రి చెయ్యి చాపి, ఫోను ఇటివ్వమ్మా, నేను మాట్లాడతాను అన్నాడు. వెంకటేశ్వరి ఇవ్వలేదు. రవ్వంతసేపు గమ్మునుండు సార్ అంది. మంత్రితో అలా మాట్లాడిన మనిషిని ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు.

రమణి ముక్కు చీదుకుంది. ఈసారి గొంతు తేటగా వచ్చింది.

“లేదు వదినా. సూది లేదు. నేను కాళ్ళమీద పడితే, నర్సమ్మ ఫ్రిజ్జు తలుపు తెరిచి చూపించింది. ఖాళీగా ఉండె. యాడికి వచ్చి చెప్పమన్నా చెప్తా.”

దించిన ఫోన్లలో ఒకటి రెండు మళ్ళీ పైకి లేచాయి. సీతాలక్ష్మి భర్త వైపు చూడకుండా వెంకటేశ్వరి పక్కకు వచ్చి నిలబడింది. మంత్రి కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. వెళ్దామా అన్నట్టు దుర్గారావు వైపు చూశాడు.

దుర్గారావు మాత్రం ఆ చూపు గమనించలేదు. జేబులోంచి ఫోను తీసి, ఆసుపత్రివాళ్ళ నంబరు వెతుక్కుంటూ, వెంకటేశ్వరి దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా అడిగాడు.

“సోమవారం పనిలో చేరాల్సిన అమ్మాయి ఈవిడే కదండీ. ఇంటిపేరు ఏమిటి?”